మామ చూసిన కత్తి

పోయిన నెల, మామ పోయాడన్న కబురు అత్త ఫోన్లో చెప్పినప్పుడు నేను రొయ్యల గుంట గట్టు మీద ఉన్నాను. "మీ మామ లెయ్యలేదురా అబ్బయా. కుర్చీలోనే ఉండాడు. నిద్రపోతన్నాడని నేను అన్నం గూడా పెట్టినాను" అంది. ఎండ నీళ్ల మీద పడి తెల్లగా మెరుస్తోంది. గుంటలో నీళ్లు చిమ్మే ఫ్యాన్లు తిరుగుతూనే ఉన్నాయి. వాటిని అలాగే వదిలేసి బండి తీశాను.

మామ మా అమ్మకు తమ్ముడు. మిలిటరీలో పనిచేసి వచ్చి, మైపాడుకు ఇవతల సరుగుడు తోపు పక్కన ఇల్లు కట్టుకున్నాడు. ఆ తోపులో ఎప్పుడూ ఒక హోరు ఉంటుంది. అది సముద్రానిదో చెట్లదో ఇప్పటికీ చెప్పలేను. మధ్యాహ్నాలు ఆ నీడలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని, సైన్యం నుంచి తెచ్చుకున్న కత్తికి కొబ్బరినూనె రాసేవాడు. ఉప్పుగాలికి దానికి ఊరికే తుప్పు పట్టేది. యుద్ధం సంగతులు అడిగితే, "ఆడంతా చలేరా" అనేవాడు. అంతకు మించి చెప్పినట్టు గుర్తులేదు.

కత్తిని చేతి నుంచి చేతికి ఇచ్చేవాడు కాదు. అలా ఇస్తే ఇద్దరి మధ్యా మాట తెగిపోతుందని మా వైపు పట్టింపు. ఒకరు కింద పెట్టాలి, రెండోవాళ్లు తీసుకోవాలి. కూరగాయల చాకైనా అంతే.

"యుద్ధంలో ఎదటోళ్లకు గూడా ఇట్నే కింద పెట్టి తీసుకోమన్నావా?" అని అత్త ఎగతాళి చేసేది.

"వాళ్లతో నాకు మాటలెక్కడియ్యి, తెగేదానికి?" అనేవాడు.

మా తమ్ముడు సముద్రం మీద చేపల వేటకు పోతాడు. ఒకసారి వల వదులుతుంటే తాడు కాలికి చుట్టుకుని వాణ్ణి నీళ్లలోకి లాగేసింది. పడవలోని పెద్దాయన తాడు కోసి బయటికి తీశాడు. ఆ తర్వాత వాడు వేట నుంచి వచ్చేదాకా మా అమ్మ అన్నం ముట్టేది కాదు. నడుముకు సొంత కత్తి ఉండాలని వాడు ఫోన్లో చూసి ఒకటి తెప్పించుకున్నాడు. మిలిటరీ రకమని దాని పెట్టె మీద ఉంది. నల్లటి ఉక్కు, వెన్ను మీద రంపప్పళ్లు, డొల్ల పిడిలో అగ్గిపుల్లలు, గాలాలు, పిడి మూతకు దిక్సూచి. తెచ్చి మామ ముందు ఇసుకలో పెట్టాడు.

మామ తొందరపడలేదు. గోటితో మీటి చెవి దగ్గర పెట్టుకున్నాడు. తడితాడు కోసి చూశాడు. సరుగుడు మొద్దు మీద నరికి, అంచును ఎండకు పట్టాడు. "ఉక్కుకు వంక పెట్టేదానికి లేదు. నీళ్లలో నా దానికంటే ఇదే నయం, తుప్పు పట్టదు" అన్నాడు. తమ్ముడి మొహం వెలిగింది. తర్వాత పిడి మరలు విప్పాడు. కత్తి ఉక్కు ఆ పిడిలోకి వేలి కణుపంత కూడా దిగలేదు.

"సందులో పెట్టి గట్టిగా తిప్పినావంటే పిడి నీ చేతిలో ఉంటది, కత్తి సముద్రంలో ఉంటది."

"దిక్సూచి ఉండాది గదా మామా, ఎతుక్కుంటాలే."

అత్త నవ్వింది. మామ నవ్వలేదు. పాత వలముక్క ఒకటి తెచ్చి తమ్ముడి కాలికి చుట్టి, కొస తాను పట్టుకుని లాగుతూ, "ఇప్పుడు కొయ్యి" అన్నాడు. వాడు వల కిందికి కత్తి దూర్చగానే వెన్ను మీది పళ్లు పోగులను పట్టుకున్నాయి. లాగినకొద్దీ వల బిగిసింది. కత్తి అటు పోలేదు, ఇటు రాలేదు.

"వల నిన్ను పట్టుకున్న రోజు, ఇది వల పక్షాన చేరద్ది" అన్నాడు మామ.

"అయితే నీదియ్యి" అన్నాడు తమ్ముడు రోషంగా.

తన కత్తిని మామ ఎవరికీ ఇచ్చి ఎరగడు. వెన్ను నున్నగా ఉంటుంది. ఉక్కు ఒకే ముక్కగా పిడి చివరిదాకా పోతుంది. చాలాసేపు దాన్ని తిప్పితిప్పి చూసుకుని, వంగి ఇసుకలో పెట్టాడు.

"రోజూ నూనె పెట్టాల. సోమరికి ఇది పనికిరాదు."

"మరి వాడికెందుకిస్తన్నావు?" అంది అత్త.

కొత్త కత్తి అత్త దగ్గరే ఉండిపోయింది. ఆ పళ్లతో ఆమె చేపల పొలుసు తీసేది. మిలిటరీ కత్తికి సరైన డ్యూటీ దొరికిందనేవాడు మామ.

అత్త అన్నట్టే తమ్ముడు నూనె పెట్టలేదు. వేట నుంచి రాగానే మామ కత్తిని తెచ్చి ఆయన కుర్చీ ముందు పెట్టేవాడు. మామ దాన్ని తీసి, తుడిచి, నూనె రాసి, మళ్లీ ఇసుకలో పెట్టేవాడు. వాడు తీసుకునేవాడు. ఒక ఉదయం దాని అంచుకు నీలం నైలాను పోగు చిక్కుకుని ఉంది. తమ్ముడి చీలమండ చుట్టూ ఎర్రటి గీత. మామ ఆ పోగును వేళ్లతో మెల్లగా తీసి గాలికి వదిలాడు. ఆ రోజు నూనె ఎక్కువసేపు రాశాడు. వాడు లేచి పోతుంటే, "మీయమ్మ చూడకుండా లుంగీ దించుకోని పో" అన్నాడు.

మామ పోయిన రోజు తమ్ముడు వేటలో ఉన్నాడు. ఒడ్డుకు రాగానే విని, తడిబట్టలతోనే వచ్చాడు. వరండాలో చాప మీద పడుకోబెట్టిన మామను చూశాడు. తర్వాత తోపులోకి నడిచి, ఖాళీ కుర్చీ ముందు కత్తి పెట్టి నిలబడ్డాడు. తీసేవాళ్లు లేరు. సన్నటి సరుగుడు ఆకులు రాలి దాని మీద పడుతున్నాయి. కాసేపటికి అత్త నూనె సీసా పట్టుకుని వచ్చింది. వంగి కత్తి తీసుకుని, కొంగుతో తుడిచి, నూనె పోసింది. ఎంత పొయ్యాలో ఆమెకు తెలియదు. నూనె ధారగా కారింది. మళ్లీ ఇసుకలో పెట్టింది. తమ్ముడు తీసుకున్నాడు.

కత్తి ఉన్నచోట, ఇసుకలో, కత్తి ఆకారంలోనే నూనె మరక మిగిలింది. మామను సాగనంపి మేం తిరిగొచ్చేసరికి గాలికి మా అడుగులన్నీ చెరిగిపోయాయి. అది మాత్రం అలాగే ఉంది.