సున్నం పూసిన బూట్లు

“ఇవి బూట్లేటే, ఉడకేసిన పసుపుకొమ్ములా?” అంది మా మేనత్త.

“ఉతికితే తెల్లగైపోతాయత్తా. టీచరమ్మ సెప్పింది.”

“టీచరమ్మ సెప్తాది. ఉతికీది టీచరమ్మేటి?”

“నువ్వు ఉతకొద్దులే. ఎలాగ ఉతకాలో సెప్పు, సాలు.”

“నాకెవరు సెప్పినారే?”

“సెప్పకపోతే పో. నానే ఉతుక్కుంటాను.”

“ఉతుక్కో. సూద్దాం.”

అంతటితో మా అత్త చుట్ట తిప్పి, నిప్పున్న కొసను నోట్లోకి పెట్టుకుంది. మా వైపు ఆడవాళ్ళు అడ్డపొగ తాగేవారు. నిప్పు లోపల, చుట్ట మొదలు బయట. నిప్పు నోట్లో ఉండగా మాట్లాడటం కష్టం. నా చిన్నప్పుడు ఆమె ఇక మాట్లాడదలచుకోలేదంటే చేసే పని అదే. ఆ తర్వాత ఆమెను బతిమాలినా ఒకటే, గోడను బతిమాలినా ఒకటే.

ఆమె మా నాన్నకు అక్క. మొగుడు పోయాక పుట్టింటికి వచ్చి ఇంటి పెత్తనం తీసుకుంది. మా అమ్మ ఆమె ముందు గొంతు పెంచి ఎరగదు. రెండే రెండు తెల్ల నేత చీరలతో ఏళ్ళు గడిపింది. ఆ చీరలు మా ఊళ్ళో ఒక వింత. బురదలో నాట్లు వేసి వచ్చినా మర్నాటికి కొంగపిట్ట రెక్కలా ఉండేవి. సబ్బుకు డబ్బు ఖర్చు పెట్టేది కాదు. ఏం చేస్తావని ఊళ్ళో ఆడవాళ్ళు అడిగితే “ఉతుకుతాను” అనేది, అంతే.

ఇప్పుడు మా పక్క టౌను రాజాంలో ఏ కుర్రాడి కాళ్ళకు చూసినా తెల్ల బూట్లే. అప్పట్లో మా ఊరి బడి మొత్తానికి తెల్ల బూట్లున్న కాళ్ళు ఒక్కటే జత, అవి మా టీచరమ్మ కూతురివి. వాళ్ళు చర్చికి వెళ్ళే కుటుంబం, ఆదివారం పిల్లకు బూట్లు తొడిగేవారు. ఆ అమ్మాయి పాదాలు పెరిగి బూట్లు బిగువైపోతే, వాటిని పెట్టెలో పడేశారు. రెండేళ్ళు పెట్టెలో ఉండి గుడ్డంతా పసుపెక్కింది, కుట్ల దగ్గర గోధుమరంగు మరకలు దిగాయి.

నేను అప్పుడు అయిదో తరగతి. నా చదువు అక్కడితోనే ఆగింది కనుక అదే నా ఆఖరి ఏడు కూడా. ఆగస్టు పదిహేనుకు చుట్టుపక్కల బళ్ళ పిల్లలందరూ రాజాంలో కవాతు చేయాలి. మా బడి జెండా పట్టుకుని అందరికంటే ముందు నడవడానికి టీచరమ్మ నన్ను ఎంచుకుంది. నా అడుగు తప్పదని ఎంచుకుంది. అంతకు ముందు దేనికీ ఎవరూ నన్ను ఎంచుకోలేదు. అయితే జెండా పట్టుకునే పిల్లకు తెల్ల బూట్లు ఉండాలని పైనుంచి చెప్పారట. టీచరమ్మ ఆ పాత జత నా చేతిలో పెట్టి, “తెల్లగా చేసుకుని రా అమ్మా. లేకపోతే ఇంకో పిల్లను చూడాలి” అంది. ఆ ఇంకో పిల్ల ఎవరో కూడా నాకు తెలుసు. మా వీధి చివరింటి పిల్ల. వెనక వరసలో నుంచుని నా వీపు వైపే చూసేది.

నా దగ్గర నాలుగు రోజులున్నాయి. మొదటి రోజు బట్టల సోడా వేడినీళ్ళలో కలిపి, బూట్లు అందులో ముంచి, కొబ్బరిపీచుతో చేతులు మండేదాకా తోమాను. మురికి దిగింది. ఒక్క కుండ నీళ్ళతో జాడించి, చుర్రుమనే ఎండలో రాతి మీద పెట్టాను. ఎండ ఎంత ఎక్కువుంటే తెలుపు అంత ఎక్కువ వస్తుందని నా లెక్క. మా అత్త అరుగు మీద కూర్చుని అంతా చూసింది. సాయంత్రానికి బూట్లు మునుపటికంటే పసుపెక్కి, అంచుల్లో టీ ఒలికినట్టు వలయాలు కట్టాయి.

మా అత్త వచ్చి వంగి చూసింది. “బాగున్నాయే. ఇంకో రెండు రోజులెండబెట్టు, బెల్లమైపోతాయి. అమ్ముకుందుం.”

నేను ఏడ్చాను. ఏడిస్తే చెబుతుందేమో అన్న ఆశ కూడా ఆ ఏడుపులో ఉంది. ఆమె చుట్ట తిప్పేసింది.

మూడో రోజు బడికి వెళ్తే, పండగని గోడలకు సున్నం వేస్తున్నారు. మట్టిపట్టి నల్లబడ్డ గోడ, సున్నంలో ముంచిన చీపురుకట్ట ఒకసారి తిప్పితే తెల్లగా అయిపోతోంది. నాకు ఇంకేం కావాలి? సున్నం వేసే ఆయన్ని అడిగి కొబ్బరిచిప్ప నిండా తెచ్చుకున్నాను. ఇంటికొచ్చి గుడ్డపీలికతో ఒక పూత, ఆరాక ఇంకో పూత వేశాను. లోపలి వైపు కూడా వదల్లేదు. బూట్లు గోడలా మెరిశాయి. అత్త వచ్చి వేలితో అంచు మీద రాసి, ఆ పొడిని రెండు వేళ్ళ మధ్య నలిపి చూసింది. నోట్లోంచి చుట్ట తీసింది. నా కాళ్ళ వైపు చూసింది. నేను మెచ్చుకోలు కోసం ఎదురుచూశాను. ఆమె మళ్ళీ చుట్ట నోట్లో పెట్టుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా అమ్మ ఆమెతో, “వదినా, సున్నం కదా, తడిస్తే గుంటదాని కాళ్ళు కాలిపోవా?” అందట. “నువ్వూరుకో. దాని కాళ్ళు, దాని బూట్లు” అందట మా అత్త. మా అమ్మ ఊరుకుంది. ఈ మాట నాకు అమ్మే చెప్పింది, చాలా ఏళ్ళ తర్వాత, నాకూ పిల్లలు పుట్టాక.

మర్నాడు రాజాంలో ఆఖరి రిహార్సలు. రాత్రి వాన పడి పొలం గట్ల మీద గడ్డి తడితడిగా ఉంది. అందరూ ఉత్త కాళ్ళతో నడుస్తుంటే నేను బూట్లతో నడిచాను. చేత్తో పట్టుకుని వెళ్ళమని నాతో ఉన్నవాళ్ళు చెప్పారు. నేను వింటానా! సగం దూరం వెళ్ళేసరికి పాదాలకు వెచ్చగా తగిలింది. బాగానే ఉంది అనుకున్నాను. మైదానం చేరేసరికి దురద పుట్టింది. జెండా కర్ర చేతికిచ్చాక మంట మొదలైంది.

ఎడమ, కుడి, ఎడమ. అడుగు వేసినప్పుడల్లా కుట్లలోంచి తెల్లనీళ్ళు పిండినట్టు వచ్చేవి. నేను నడిచినంత మేరా తడి మట్టి మీద తెల్లటి అడుగులు పడ్డాయి. వెనక నుంచి ఎవరో, “ఓలమ్మో, ముగ్గెడతందర్రా!” అన్నారు. వరస వరసంతా నవ్వారు. నేను వెనక్కి తిరగలేదు. బూట్లు విప్పితే జెండా పోతుంది, అదొక్కటే నాకు తెలుసు. పళ్ళు బిగించి రెండు గంటలు నడిచాను. అడుగు తప్పలేదు. ఇది నేను గొప్పకు చెప్పడం లేదు, జరిగింది చెబుతున్నాను.

ఆపండి అన్నాక టీచరమ్మ నా ముఖం చూసి కూర్చోబెట్టి బూట్లు విప్పింది. మడమల దగ్గర చర్మం బూటుతో పాటే ఊడి వచ్చింది. వేళ్ళ సందులన్నీ ఉడికిపోయినట్టు తెల్లబడి ఉన్నాయి. ఆమె “అయ్యో తండ్రీ” అంటూ నీళ్ళు పోసింది, మా ఊరి బండి ఒకటి వెళ్తుంటే ఎక్కించి పంపింది.

మా అత్త నన్ను నూతి దగ్గర కూర్చోబెట్టి చెంబు మీద చెంబు పోసింది. తిట్టలేదు, జాలీ పడలేదు. కొబ్బరినూనె రాసి మెత్తటి గుడ్డలు చుట్టింది. నేను ఏడుస్తూ, “నీకు తెలుసు కదా? తెలిసే సెప్పలేదు కదా?” అని అరిచాను.

“తెలుసు” అంది. “సెప్తే ఈ సెవిన విని ఆ సెవిన ఒగ్గేద్దువు. ఇప్పుడు సచ్చేదాకా మర్సిపోవు.”

అప్పుడు ఆ బూట్లు తీసుకుని నా ఎదురుగా కూర్చుంది. నాలుగు రోజులుగా నేను ఏడ్చి అడిగినది ఆ సాయంత్రం ఒక్కొక్కటీ చేసి చూపించింది. ముందు తాళ్ళు విప్పి వేరే నానబెట్టింది. దబ్బకాయ కోసి బూట్ల మీద పిండితే సున్నం చిటపటమని నురగ కక్కి వదిలింది. తర్వాత కుంకుడు రసంతో, పాత చీర గుడ్డతో, పోగుల వెంట ఒకే వైపు తోమింది. రబ్బరు అంచును మెత్తటి ఉప్పుతో రుద్దింది. ఆపైన జాడించడం మొదలుపెట్టింది. జాడించిన నీళ్ళు ఒక చుక్క తీసి, ఆకు మీద పెట్టిన పసుపు ముద్ద మీద వేసింది. పసుపు పారాణిలా ఎర్రబడింది.

“సూసినావా? ఇంకా ఉన్నాది. నీ సోడా ఉన్నాది, నీ సున్నం ఉన్నాది. ఇది లోపలుండగా ఎండలో ఎడితే బట్ట పసుపెక్కక ఏటవుతాది?”

రెండో నీళ్ళకు ఎర్రబడింది. మూడో నీళ్ళకూ ఎర్రబడింది. నూతిలోంచి తోడుతూనే ఉంది. ఎన్నిసార్లు జాడించాలత్తా అని అడిగితే, “నన్నడుగుతావేటే, పసుపునడుగు” అంది. తొమ్మిదో పదో నీళ్ళకు చుక్క పడ్డా పసుపు పసుపుగానే ఉండిపోయింది. అప్పుడు ఆఖరి నీళ్ళలో నాలుగు చుక్కల దబ్బరసం, గోటితో తీసినంత నీలిమందు వేసి ముంచి తీసింది. లోపల పొడి గుడ్డలు కుక్కి, పైన తన పాత చీర ముక్క తడిపి చుట్టి, ఎండ తగలని చోట గాలికి పెట్టింది. బూట్లలో మిగిలిన పసుపు రంగంతా ఆ చుట్టిన గుడ్డ లాక్కుంటుందని చెప్పింది. లోపలి గుడ్డలు తడిసినప్పుడల్లా మార్చింది.

నేను కాళ్ళ మంట మరిచిపోయి చూశాను. నాకోసమే చేస్తోందనుకున్నాను. అత్త మనసు కరిగిందని, రేపు గుడ్డలు చుట్టుకునైనా ఆ బూట్లతో నడుస్తానని అనుకుంటూ నిద్రపోయాను.

ఆమె అన్నది అబద్ధం కాలేదు, నేను మరిచిపోలేదు. పసుపు చుక్క చూడకుండా ఈ రోజుకీ నేను తెల్లగుడ్డ ఆరవేయను. సబ్బు కంపెనీల మాటలు నమ్మను. మా ఇంట్లో ఒక్క చొక్కా అయినా పసుపెక్కిందని బయట పారేసిన రోజు లేదు. ఆమె మంచికే చేసిందని నా చేత చెప్పించాలని మా పిల్లలు చూస్తారు. నేను చెప్పను. ఒక్క మాటతో అయ్యేదానికి పిల్ల తోలు ఊడబెరకడం మంచి కాదు. అయితే ఇంకోటి కూడా చెప్పాలి. మొన్న కాలేజీలో చదివే మా మనవరాలు తన తెల్ల బూట్లను ఫోన్లో ఏదో చూసి బ్లీచింగులో నానబెట్టి, ఒక్కసారి జాడించి, డాబా మీద ఎండలో పెట్టింది. నేను అక్కడే కుర్చీలో ఉన్నాను. నాకు తెలుసు. నా నోరు లేవలేదు. చూద్దాం అనుకున్నాను. సాయంత్రం ఆ పిల్ల పసుపెక్కిన బూట్లు పట్టుకుని, “నీకు తెలుసు కదా నానమ్మా?” అంటే, “తెలుసు” అన్నాను. ఆ మాట నా గొంతులోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో నాకే వినిపించింది. బూట్లు బాగు చేసి ఇచ్చాను. ఆ పిల్ల ఇంకా నాతో మాట్లాడటం లేదు. మాట్లాడకపోవడమే న్యాయం.

ఇక నా చిన్నప్పటి ఆ ఆగస్టు పదిహేను పొద్దున్న జరిగింది చెప్పాలి. అత్త చీర ముక్క విప్పింది. ముక్క నిండా పసుపు మరకలు, బూట్లు మాత్రం నందివర్ధనం పూలలా ఉన్నాయి. నేను కట్లు విప్పుకుని కాలు చాపాను. పాదం ఉబ్బి మడమ పట్టలేదు. అత్త రెండోసారి ప్రయత్నించనివ్వలేదు. చివరింటి పిల్ల తల్లికి ముందు రోజు సాయంత్రమే కబురు పెట్టేసిందట.

“లే. నువ్వే అట్టుకెళ్ళి ఇచ్చిరా” అంది.

వీధి చివరిదాకా మడమలు ఆనించకుండా నడిచి వెళ్ళి ఇచ్చాను. ఆ పిల్లకు బూట్లు కాస్త వదులైతే ముందు వైపు గుడ్డ కుక్కారు. పిల్లలందరూ బండెక్కి రాజాం వెళ్ళిపోయారు. నేను ఇంటికి వచ్చాను. అత్త అరుగు మీద చాట పెట్టుకుని బియ్యంలో రాళ్ళు ఏరుతోంది.

“ఇచ్చీసినావా?” అంది.

“ఇచ్చీసినాను.”

“సరిపోయాయా?”

“సరిపోయాయి.”

చాట నా వైపు జరిపింది. నేను కూర్చుని ఏరడం మొదలుపెట్టాను.