వాసెన కట్టిన జాడీ

మా అమ్మంత మొండిమనిషిని నేను ఇంతవరకు చూడలా. ఎనభైల్లో సంగతి. రొమ్ములో గడ్డకి గుంటూరులో ఆపరేషన్ చేయించుకుని గురజాల దగ్గర మా ఊరికొచ్చాక, నెలనెలా బస్సెక్కి నరసరావుపేటకి నెత్తురు పరీక్షకి పోయేవాళ్లం. సన్నటి గాజుగొట్టంలో నెత్తురు నింపి నిలబెట్టి, గంటలో ఎంత కిందికి దిగిందో చూసేవాళ్లు. దాన్ని ఈఎస్ఆర్ అంటారు.

"లోపల జబ్బు పనిచేస్తా ఉంటే నెత్తురులో కొన్ని ప్రోటీన్లు పెరుగుతాయమ్మా. వాటి మూలాన ఎర్రకణాలు ఒకదానికొకటి అతుక్కుని గబగబా దిగుతాయి. ఈ అంకె పెరుగుతా పోతే గడ్డ మళ్లీ లేస్తందేమో చూసుకోవాలి," అన్నాడు డాక్టరు.

అదంతా ఒంట్లో వేడేనని తేల్చేసింది అమ్మ. పండుమిరపకాయ పచ్చడి లేందే ముద్ద ఎత్తని మనిషి, ఆ రోజు నుంచి కారం మానేసి మజ్జిగన్నంలో పడింది. తిండికీ దీనికీ సంబంధం లేదు, ఇష్టమైంది తినమ్మా అని డాక్టరు ఎంత చెప్పినా వినలా. "నిన్నగాక మొన్న చదువుకొచ్చిన పిల్లోడు, వేడి సంగతి ఆయనకేం తెలుసు," అంది బయటికొచ్చి.

ఆ ఏడు పచ్చడి నాతో పట్టించింది. తను నులకమంచం మీద కూచుని చెప్తా ఉంటే నేను రోట్లో తొక్కా. చేతులు భగభగా మండినయి. ఉప్పు చూడమ్మా అని వేలితో పెట్టబోతే మొహం తిప్పేసుకుంది.

"అంకె తగ్గినాక తింటాలే. ఏమే, జాడీ మూతికి గుడ్డతో వాసెన కట్టి అటక మీద పెట్టు. ఎవురూ ముట్టుకోవద్దు."

ఆ నెల తగ్గలా. పై నెల ఇంకా పెరిగింది. బల్ల మీద కూచుని ఆ గొట్టం వంకే చూస్తా, మెల్లగా దిగు తల్లీ అని లోపల్లోపల మొక్కుకునేదాన్ని. డాక్టరు ఎక్స్‌రే తీయించి, నాన్నని పక్కకి పిలిచి మాట్లాడాడు. వచ్చేటప్పుడు బస్సులో, ఇంటికి పోయి కాస్త పచ్చడన్నం తినమ్మా అని బతిమాలా.

"వచ్చే నెల తగ్గుద్దిలే," అంది. నమ్మకంగానే అంది.

వానలు పడకముందే పోయింది. చిన్నకర్మ నాడు ఆమెకి ఇష్టమైనవి విస్తట్లో పెట్టాలని మా మేనత్త జాడీ దించి వాసెన విప్పింది. ఇల్లంతా ఘాటు కమ్ముకుంది. విస్తట్లో పెట్టినాక నేనూ నాలుగు మెతుకుల్లో కలుపుకుని తిన్నా. ఉప్పు ఎక్కువైంది. ఆ మాట నన్ను తిట్టి మరీ చెప్పాల్సింది ఆమె.

ఇప్పటికీ ఏటా పచ్చడి పడతా. ఉప్పు చూసే వేళకి మంచం వైపు చూస్తా. ఒక్క ముద్దన్నా తినాల్సింది గదమ్మా.