తనంతట తానే తిరిగిన మిషన్

ఆ టేకు పలకను నిడమనూరు దేవమ్మ చీరలో చుట్టుకొని ఆటోలో తెచ్చింది. పాత చర్చి తలుపుది. కొత్త చర్చి ప్రసంగ పీఠానికి దాని మీద ద్రాక్ష తీగ చెక్కించాలని సంఘపోళ్లు అనుకున్నారు.

"ఇసొంటిది ఇంకోటి లేదు బిడ్డా, జర పైలం" అని చెప్పి పోయింది. ఆ మాట జ్యోత్స్నను నిద్రపోనివ్వలేదు.

కోదాడలో హైవే పక్క సందులో ఆమెకు రేకుల షెడ్డు ఉంది. తండ్రి బిక్షం నలభై ఏళ్లు వడ్రంగం చేసినవాడు. మూడేళ్ల కింద చేతులకు వణుకు పట్టుకుంది, ఉలి పెడితే గీత పక్కకు పోతోంది. అప్పుడు డిప్లొమా చదివిన కూతురు, మిర్యాలగూడలో షాపు బోర్డులు చేసే ఒకాయన వాడి వదిలేసిన చిన్న సీఎన్‌సీ రౌటర్ తెచ్చింది. కంప్యూటర్లో గీసిన గీత వెంట చెక్కను చెక్కే మిషన్ అది. పువ్వు ఎలా ఉండాలో తండ్రి చెప్తే కూతురు గీసేది.

తంటా అంతా దాన్ని నడిపే కంట్రోలర్‌తోనే. పని మధ్యలో ఆగిపోయేది, ఆగిన చోటు నుంచి మళ్లీ మొదలయ్యేది కాదు. అలా రెండు పలకలు పాడయ్యాయి. దేవమ్మ పలకకు ఆ గతి పట్టొద్దని జ్యోత్స్న కొత్త కంట్రోలర్ తెప్పించింది. పాత వైర్లన్నిటికీ చీటీలు అంటించి, ఫొటోలు తీసి, ఒక్కొక్కటే కొత్తదానికి బిగించింది.

మధ్యాహ్నం మెయిన్ స్విచ్ వేసింది. ఏ బటనూ నొక్కలేదు. చెక్కను కోసే బిట్టు గిర్రున తిరిగింది.

సరిగ్గా ఆ క్షణాన బిక్షం చెయ్యి బిట్టు కింద పెట్టిన పలక మీదే ఉంది, నార ఎటు పోతోందో తడిమి చూస్తున్నాడు. చెయ్యి లాక్కున్నాడు. జ్యోత్స్న ప్లగ్గు పీకేసింది. చూపుడు వేలి గోరు కొస లేదు. నెత్తురు రాలేదు.

"ఏం కాలే బిడ్డా, గోరేగా" అని నవ్వబోయాడు. ఆమె అప్పుడే షెడ్డుకు తాళం వేసింది.

రెండు రోజులు షెడ్డు తాళం తియ్యలేదు. మూడో రోజు సూర్యాపేటలో తనకు ల్యాబ్ చెప్పిన రాకేష్ సార్‌కు ఫోన్ చేసింది.

"మోటర్‌ను ఆన్ ఆఫ్ చేసే నీ రిలేకు కొత్త కంట్రోలర్ సిగ్నల్ ఉల్టా పడ్డదమ్మా. ఆపమంటే తిరగమన్నట్టు అర్థం చేసుకుంటున్నది. సెట్టింగ్ మార్చు. కానీ సెట్టింగ్‌ను నమ్మి చెయ్యి పెట్టకు. బిట్టు తిప్పే మోటర్ కరెంటు వేరే స్విచ్ మీద ఉండాలె, అది నీ దగ్గర్నే ఉండాలె."

అలాగే చేసింది. బిట్టు తీసేసి ఇరవై సార్లు మెయిన్ వేసి ఆర్పింది. మోటర్ ఒక్కసారి కూడా తిరగలేదు. అయినా గుండె కుదుటపడలేదు. నేల మీద సుద్దతో గీత గీసి తండ్రిని దాని అవతల నిలబెట్టింది.

"నలభై ఏండ్లు చెక్క పట్టినోణ్ని, ఇప్పుడు నన్నే దూరం నిలబెడ్తవా?" బిక్షానికి కోపమొచ్చింది.

"తిట్టు నాయినా. గీత మాత్రం దాటకు."

పని మొదలైంది. ఆమె అరచెయ్యి మోటర్ ఆపే ఎర్ర బటన్ మీదే ఉంది. తీగ వంపు తిరిగింది, ఆకులు తేలాయి. గంటన్నర తర్వాత గీత అవతల నుంచి కేక వచ్చింది.

"ఆపు! గాడ ముడి ఉంది. సప్పుడు మారింది, వినలే?"

ఆమెకేమీ వినబడలేదు. అయినా ఆపింది. దీపం దగ్గర పెట్టి చూస్తే బిట్టుకు వెంట్రుకంత ముందర నల్లటి ముడి. మరో క్షణం అదే వేగంతో పోయుంటే బిట్టు విరిగి చెక్క చీలిపోయేది.

"సగం వేగంతో పోనియ్యి" అన్నాడు తండ్రి.

ఆమె వేగం సగానికి తగ్గించింది. పాత కంట్రోలర్ అయితే, ఆగిందంటే పలక పోయినట్టే. కొనసాగించు అని నొక్కింది. బిట్టు ఆగిన చోటే మెల్లగా దిగి, ముడిని కోసుకుంటూ తీగను కలిపింది. బిక్షం గీత అవతలే నిలబడి, పని అయిపోయేదాకా చెవి రిక్కించి వింటూనే ఉన్నాడు.

ఆదివారం పలకను ప్రసంగ పీఠానికి బిగించారు. దేవమ్మ ద్రాక్ష పళ్లను వేళ్లతో లెక్కపెట్టుకుంటూ ఏడ్చింది. సోమవారం ఇంకో తలుపు పని వచ్చింది. మెయిన్ వేసే ముందు జ్యోత్స్న ఇప్పటికీ ఒకటికి రెండుసార్లు "నాయినా, ఎక్కడున్నవ్?" అని అడుగుతుంది.