సున్నా మునగపాక, ఒకటి కశింకోట

మా చిన్నాన్న సింహాచలానికి మూడు పడదు. అనకాపల్లి బెల్లం మార్కెట్లో కాటా దగ్గర పని. కాస్త ఖాళీ దొరికితే ఫోన్లో గళ్ళ పజిల్. గళ్ళన్నీ సున్నాలతో, ఒకట్లతో నింపాలి. ఒకే అంకె వరసగా మూడుసార్లు రాకూడదు, ప్రతి వరసలోనూ రెండూ సమానంగా ఉండాలి, ఏ రెండు వరసలూ ఒకేలా ఉండకూడదు.

ఆట ఫోన్లోనే ఆగితే బాగుండేది. షేర్ ఆటోలో ముగ్గురు ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చుంటే దిగిపోయి ఇంకో ఆటో ఎక్కుతాడు. పిన్ని మూడు తువ్వాళ్ళు ఆరేస్తే నడిమిది తీసి అక్కడ చీర వేస్తాడు.

మా పాప అన్నప్రాశనకి నా భయాలు నాకున్నాయి. పరమాన్నం గొంతుకి అడ్డం పడుతుందేమోనని ఒకటి. అంతకన్నా పెద్దది భోజనాల బంతి. నా సీమంతంలో కశింకోట అత్తవారికి ముందు వడ్డించారని మా మునగపాకవాళ్ళు తినకుండానే వెళ్ళిపోయారు. ఈసారీ అదే జరిగితే పాప మొదటి ముద్ద తినేది తగువు మధ్యనే.

"ఏటమ్మా ఇందూ, అంత బెంగ? బంతి నాకొదిలెయ్" అన్నాడు చిన్నాన్న. "మనోళ్ళు సున్నా, ఆళ్ళు ఒకటి. కలిపి కూకోబెడితే ముందెవరు, ఎనకెవరు?"

అన్నట్టే అందరినీ కలిపేసి కూర్చోబెట్టాడు. మా మేనమామ ఎర్రిబాబు మాత్రం గొణిగాడు.

"నా పెళ్ళాం పక్కన నన్ను కూకోనివ్వవేటి బావా?"

"మూడు సున్నాలైపోతాయి బావా. అటెళ్ళు."

వడ్డన సాఫీగా సాగింది. పాప పరమాన్నం సగం మింగి, సగం నా చీర మీద ఊసింది. దగ్గలేదు. హమ్మయ్య అనుకున్నాను.

అప్పుడు కేకేశాడు చిన్నాన్న.

"ఆగండాగండి! రెండో వరసా, నాలుగో వరసా అచ్చం ఒకేలాగున్నాయి! ఎర్రిబాబు బావా, నువ్వు లెగు. రత్నం సెల్లీ, నువ్వు బావ సోట్లోకి రా."

విస్తరి ముందు తింటున్న మనిషిని లెమ్మనడం! ఇక రెండు ఊళ్ళూ లేచిపోయినట్టే అనుకున్నాను.

"ఎంగిలి సేత్తో లెగమంతావేటన్నయ్యా, నీకేటైనా మతుందా?" అంది కశింకోట నుంచి వచ్చిన మా అత్తగారు నూకరత్నం.

"బాగా సెప్పు వదినా! నేనూ లెగను" అన్నాడు ఎర్రిబాబు మావయ్య.

సీమంతం నుంచి వాళ్ళిద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు రెండు ఊళ్ళవాళ్ళూ ఒక్క గొంతుతో చిన్నాన్నని తిడుతున్నారు. తిట్టి తిట్టి అలిసిపోయి, "వదినకి గారెలు ముందెయ్యండి" అని మావయ్య, "కాదు, ఆయనకే ముందు" అని అత్త.

చివరికి చిన్నాన్నని కూడా కూర్చోబెట్టి, శిక్షగా విస్తట్లో మూడు గారెలు వరసగా పేర్చింది అత్త.

"కదపకుండా తిను."

ఆవిడ అటు తిరగ్గానే మధ్యలో ఒక బూరె దూర్చి, నావైపు వంగి మెల్లిగా అడిగాడు.

"ఇంకో రెండు బూర్లున్నాయేటమ్మా? సమానం అవ్వాలి కదా."