బర్కాలో కింద పెట్టిన కాఫీ కప్పు

ఒమన్ ఎందుకు వెళ్ళావని అడిగినవాళ్ళకు కోటలు, కొండలు, సముద్రం అని చెప్పి తప్పించుకున్నాను. అసలు కారణం ఓబులమ్మ. జమ్మలమడుగు హైస్కూల్లో మాది ఒకటే బెంచీ. పదో తరగతి తర్వాత నేను ప్రొద్దుటూరు చేరి టైలరింగ్ షాపు పెట్టుకున్నాను. తనకు పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, ఆ తర్వాత గల్ఫ్. పదేళ్ళు దాటింది, మస్కట్ దాటాక వచ్చే బర్కాలో ఒకే ఇంట్లో పనిచేస్తోంది. పోయినసారి లీవుకు వచ్చినప్పుడు, "ఇన్నేళ్ళు ఆ దేశంలో ఉండావు, ఏమేం చూసినావే?" అని అడిగాను. "ఎయిర్‌పోర్టు చూసినా. ఇల్లు చూసినా. మళ్ళా ఎయిర్‌పోర్టు చూసినా" అంది. నేనేమో ఏడాదికొకసారి షాపుకు తాళం వేసి, చవగ్గా ఏదో ఒక దేశం ఒంటరిగా తిరిగొచ్చే మనిషిని. నోరు ఊరుకోదు కదా, "నేనొచ్చి నీ ఒమన్ నీకు చూపిస్తాలే" అనేశాను. "రా. కానీ సెలవు అడగడం నాతో కాదు పద్మా. నువ్వే అడగల్ల" అంది. ఈ ప్రయాణమంతా ఆ ఒక్క పూట సెలవు కోసమే.

బయల్దేరేముందు మా వీధిలో సగం మంది, "ముస్లిం దేశానికి ఆడమనిషివి ఒక్కదానివే పోతావా?" అని బుగ్గలు నొక్కుకున్నారు. నాకు ఒళ్ళు మండింది. మా షాపుకు అటు పక్కా ఇటు పక్కా ముస్లింల దుకాణాలే, రంజాన్ గిరాకీ లేకపోతే మా ఇంట్లో పొయ్యి వెలగదు. మలేషియా, ఉజ్బెకిస్తాన్ తర్వాత ఇది నేను ఒంటరిగా చూసిన మూడో ముస్లిం దేశం. టైలర్ని కాబట్టి బట్టల సంగతి కాస్త అధికారంగానే చెబుతాను. వదులుగా కుట్టిన కాటన్ చుడీదార్లు మూడు, చేతులు మణికట్టు దాకా, పెద్ద చున్నీ ఒకటి. వీటితో బజారు, బస్సు, మసీదు అన్నీ తిరగొచ్చు. మసీదు లోపలికి మాత్రం జుట్టు పూర్తిగా కప్పుకోవాలి. కొత్తగా బురఖా కొనాల్సిన పనేమీ లేదు. వీసా నిబంధనలు మారుతూ ఉంటాయి కాబట్టి టికెట్టు కొనేముందే చూసుకోండి.

బస మస్కట్ శివారు అల్ ఖౌద్‌లో తీసుకున్నాను. అక్కడ పెద్ద యూనివర్సిటీ ఉంది కాబట్టి చిన్న చిన్న గదులు, జిరాక్సు షాపులు, చవక హోటళ్ళు బోలెడు. ఎయిర్‌పోర్టుకు దగ్గర. మస్కట్‌లో సముద్రం కనిపించే గదికి ఒక రాత్రికి పెట్టే డబ్బుతో ఇక్కడ రెండు రాత్రులు గడుస్తాయి. రోజుకు రెండు పూటలు మలయాళీ హోటల్లో పరాటా, పప్పు, చిక్కటి కరక్ టీ. ఊరి మధ్య తిరగడానికి ప్రభుత్వ బస్సులు చల్లగా, శుభ్రంగా ఉన్నాయి. మొదటి మూడు రోజులు మస్కట్ అంతా వాటిలోనే చూశాను. కానీ ఏది చూసినా, బర్కాలో ఓబులమ్మ ఈ సమయానికి ఏ గిన్నె తోముతోందో అనిపించేది. సంతోషం సగమే మిగిలేది.

ఫోన్లో తను ముందే చెప్పింది, శుక్రవారం రమ్మని. నేను శుక్రవారమంటే మన ఆదివారం లాంటిదే, తీరిగ్గా ఉంటారనుకున్నాను. సెలవు అడగడానికి అంతకన్నా చెడ్డ రోజు లేదని అక్కడికి వెళ్ళాక తెలిసింది. ఆ రోజే కొడుకులు, కూతుళ్ళు, మనవళ్ళు అందరూ పెద్దింటికి భోజనానికి వస్తారు. మరి ఆ రోజే ఎందుకు రమ్మన్నావే అంటే, "మిగతా దినాల్లో అవ్వ పడుకునే ఉంటాది. శుక్రవారం ఒక్కటే ముందర కూచ్చుంటాది" అంది. అవ్వ అంటే ఆ ఇంటి పెద్దావిడ.

శుక్రవారం ఉదయం జుమ్మా నమాజు అయ్యేదాకా దుకాణాలు దాదాపు మూతే, బస్సులూ తక్కువ. పొద్దున్నే టిఫిను చేసి, రోడ్డు మీద షేర్ టాక్సీలు ఆగే చోటికి వెళ్ళాను. తెలుపు, నారింజ రంగుల కార్లు. దగ్గర్లోని రుసైల్ ఫ్యాక్టరీల్లో నైట్ డ్యూటీ దిగిన కుర్రాళ్ళు ముగ్గురు అప్పటికే ఒకదాంట్లో వెనక సీట్లో కూర్చుని ఉన్నారు. "బెహెన్, షేరింగా? ఎంగేజా?" అని అడిగాడు డ్రైవరు సలీం, నెరిసిన గడ్డం మనిషి. ఎంగేజ్ అంటే కారు మొత్తం మనదే, ధర నాలుగింతలు. "షేరింగ్" అన్నాను గట్టిగా. ఆయన ఏమీ అనకుండా వెనక్కి తిరిగి చేత్తో సైగ చేశాడు. కుర్రాళ్ళలో ఒకడు ముందుకు మారాడు, మిగతా ఇద్దరూ మూలకు ఒదిగి మధ్యలో వాళ్ళ సంచులు పెట్టి నాకు కిటికీ పక్క చోటిచ్చారు. బర్కా దాకా ఒక రియాల్. దిగేటప్పుడు మధ్యాహ్నం తిరుగు ప్రయాణం ఉండొచ్చని ఆయన ఫోన్ నంబరు తీసుకున్నాను. ఉంటుందో లేదో నాకే తెలియదు.

ఇల్లు ఖర్జూర తోట మధ్యలో ఉంది. గేటు దగ్గరికి ఓబులమ్మ పరుగున వచ్చింది, చెయ్యి పట్టుకుంది, వెంటనే వదిలేసింది. "నగు మొగం పెట్టుకోని రా. ఏమడిగినా ముందర కాఫీ తాగినంక అడుగు" అని గుసగుసగా చెప్పింది. చెప్పులు విడిచి ఆడవాళ్ళు కూర్చునే హాల్లోకి వెళ్ళాం. నేల నిండా తివాచీ, గోడల వెంట దిండ్లు. మధ్యలో అవ్వ. ఎడారి పల్లెలో పుట్టిన మనిషట, ఎండకు ఆరిన మొహం, కళ్ళు మాత్రం చురుకు. పక్కన ఆమె కోడలు, ఓబులమ్మకు మేడమ్, హిందీ బాగా మాట్లాడుతుంది. సలామ్ చెప్పి, కాళ్ళు మడిచి కూర్చున్నాను. ముందు ఖర్జూరాలు వచ్చాయి. తర్వాత ఓబులమ్మ ఎడమ చేత్తో ఇత్తడి కూజా, కుడి చేత్తో పిడి లేని చిన్న కప్పులు పట్టుకుని వచ్చి, నిలబడే పోసి నాకందించింది.

పాలు లేవు, చక్కెర లేదు, ఏలకుల వాసన. పైగా నిప్పులా ఉంది. మన ఇళ్ళలో కాఫీ వేడిగా ఉంటే ఏం చేస్తాం? పక్కన పెట్టి ఆరనిస్తాం. నేనూ అదే చేశాను, కప్పు తివాచీ మీద పెట్టి అవ్వ వైపు చూసి నవ్వాను.

చుట్టూ కబుర్లాడుతున్న అవ్వ కూతుళ్ళు ఆగిపోయారు. అవ్వ నిటారుగా కూర్చుని నాకేసి చూస్తూ ఏదో అంది.

"ఏందే, కింద పెడితివి!" అంది ఓబులమ్మ, పెదవులు కదలకుండా. "తాగకుండా కింద పెడితే ఇంటాయన్ని ఏందో అడగను వచ్చినారని అర్థం. వాళ్ళు ఇస్తామన్నంకనే మళ్ళా తాగేది. పాత కాలం పద్ధతి, అవ్వ ఇంకా ఇడ్చలేదు. 'ఏం కావాల, చెప్పు' అంటాంది."

నెలల నుంచీ తయారు చేసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో తెలియదు. "ఈ పూట నిన్ను నాతో పంపమను. అంతే" అన్నాను.

"నేనా చెప్పేది?"

"నాకు అరబ్బీ వచ్చా? నువ్వే కదా చెప్పాల్సింది!"

"నా నోటితో నా గురించి నేనెట్లడుగుతానే?" ఇంతమంది మధ్య, శుక్రవారం వంట పొయ్యి మీద ఉండగా, తన కోసం తను నోరు తెరవాలి. కోడలికి హిందీ వచ్చునని నాకు గుర్తుంది. అయినా నేను ఆవిడ వైపు తిరగలేదు, ఓబులమ్మనే చూస్తూ కూర్చున్నాను. అది మొండితనమో, నమ్మకమో ఇప్పటికీ చెప్పలేను. అవ్వ కూడా తొందరపెట్టలేదు. కాఫీ చల్లారిపోయింది. చివరికి ఓబులమ్మ తల వంచుకుని, నాలుగైదు మాటలు, వినీవినపడనట్టు అంది.

అవ్వ తన కూతుళ్ళ వైపు చూసింది. తర్వాత ఏదో అంటే ఓబులమ్మ నాకు చెప్పకుండా కొంగుతో కళ్ళొత్తుకుంది. కోడలే హిందీలో చెప్పింది. "అత్తయ్య అంటోంది, ఇన్నేళ్ళలో ఒక్కసారైనా ఓబులమ్మ అడగలేదు. మాకూ తట్టలేదు, అది మా తప్పు. ఈ పూట వడ్డన నా కూతుళ్ళు చూసుకుంటారు. మీరింక కాఫీ తాగండి." అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఆ చేదు కాఫీ చల్లగా, ఒక్క గుక్కలో తాగేశాను. అంత రుచైన కాఫీ ప్రొద్దుటూరులో కూడా తాగలేదు. ఓబులమ్మ వెంటనే మళ్ళీ నింపింది, నేను తాగాను, మళ్ళీ నింపింది. చాలనుకున్నప్పుడు కప్పును అటూ ఇటూ ఊపాలట, అది మూడో కప్పు తర్వాత చెప్పింది మహాతల్లి.

నమాజు అయ్యాక అందరితో కలిసి పెద్ద పళ్ళెంలో అన్నం, చేప తిన్నాం. సలీంకు ఫోన్ చేశాను. బర్కా నుంచి పాత కోట ఉన్న నఖల్ అరగంట దారి, కొండల పక్కకు. షేర్ టాక్సీ ఆ వేళ దొరకదు, ఎంగేజే. రానూ పోనూ, అక్కడ ఆగడానికీ కలిపి బేరమాడుకున్నాం. పిసినారిదాన్నే గానీ ఆ ఒక్కసారి చెయ్యి బిగపట్టలేదు. అవ్వ ఫ్లాస్కు నిండా కాఫీ, రెండు కప్పులు సంచిలో పెట్టి పంపింది.

నఖల్ కోట కొండరాయి మీదే కట్టారు, గోడలు మట్టి రంగులో ఉంటాయి. శుక్రవారం పొద్దున పూటే తెరుస్తారట, మేం వెళ్ళేసరికి తలుపు మూసి ఉంది. మీరు లోపల చూడాలంటే వేరే రోజు వెళ్ళండి. నాకు ఉక్రోషం వచ్చింది. ఓబులమ్మ మాత్రం తలెత్తి చాలాసేపు చూసింది. "బయటినుంచి ఇంత ఉంటే చాల్లే. లోపల ఏముంటాది, ఎవురో ఒకరు ఊడ్చేటివే కదా ఆ గదులన్నీ" అంది. సలీం పడీపడీ నవ్వాడు, ఆమె మాటను నేను హిందీలో చెప్పాక.

కోట వెనక కొంచెం దూరంలో వేడినీటి ఊట. టికెట్టు లేదు. ఖర్జూర చెట్ల నీడల్లో కుటుంబాలు చాపలు పరుచుకుని కూర్చున్నాయి. మేమూ రాళ్ళ మీద కూర్చుని గోరువెచ్చని నీళ్ళలో కాళ్ళు పెట్టాం. చుట్టుపక్కల వాళ్ళు పడకుండా, కొండ, మా నాలుగు కాళ్ళు మాత్రం ఫోటో తీశాను. ఓబులమ్మ అలవాటుగా ఫ్లాస్కు మూత తిప్పబోయింది. లాక్కున్నాను. "కూచో. ఈ పొద్దు నేను పోస్తా."

కప్పు అందుకుంది. కాసేపు చేతిలో పట్టుకుని చూసింది. "ఆ ఇంట్లో ఎంతమంది కప్పు కింద పెట్టిందీ చూసినానో. పెండ్లికి అడిగినోళ్ళు, పొలం తగాదా తీర్చమన్నోళ్ళు. పోసేది నేను. నాకెప్పుడూ కూజానే గానీ కప్పు చేతికి రాలేదు" అంది. తర్వాత తాగకుండా ఆ కప్పును పక్క రాయి మీద పెట్టి నా వైపు చూసింది.

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు.

"అడుగు" అన్నాను.

"లీవుకు ఇంటికొచ్చినా నా బతుకింతే. వచ్చినోళ్ళకు వండేది, పోసేది. పుట్టినప్పట్నుంచి పక్కనే ఉండాది, గండికోట నేను చూడలేదు పద్మా. ఒక దినం తీస్కపో. మొగుడు, పిల్లోళ్ళు వద్దు. మనిద్దరమే."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదన్నట్టు, పక్కనున్న గండికోట నేను చూశాను, మళ్ళీ చూశాను, తనకు చూపించాలని ఒక్కసారీ అనిపించలేదు. "నాకూ తట్టలేదు, అది నా తప్పు" అని అవ్వ అన్న మాటే నేనూ అనాల్సి వచ్చింది. "సరే" అన్నాను. అప్పుడు తాగింది.

చీకటి పడకముందే తనను గేటు దగ్గర దింపాను. ఆ తర్వాత నిజ్వా ఊరు చూశాను, ఎడారిలో ఒక రాత్రి ఉన్నాను, వాటి ఖర్చులు అడిగితే చెబుతాను. కానీ భయపడి ఈ దేశాలకు రానివాళ్ళకు నేను చెప్పేది ఒకటుంది. చున్నీ, సలామ్, కుడి చెయ్యి ఇవన్నీ ఒక పూటలో వచ్చేస్తాయి. ఎదుటివాళ్ళ గడపలో వాళ్ళ మర్యాదకు లోబడి నెమ్మదిగా కూర్చోవడమే కష్టం. అది వస్తే పెద్ద పెద్ద తలుపులు తెరుచుకుంటాయి. ఇక పనికొచ్చే మాట: కాఫీ వేడిగా ఉంటే చేతిలోనే చల్లార్చుకోండి, చాలనుకుంటే కప్పు ఊపండి, కింద మాత్రం పెట్టకండి. పెడితే, ఏం అడగాలో ముందే తేల్చుకుని పెట్టండి.

ఓబులమ్మ లీవుకు ఇంకా నెలలున్నాయి. జమ్మలమడుగు నుంచి గండికోటకు పొద్దున మొదటి బస్సు ఎన్నింటికో మాత్రం నిన్ననే కనుక్కుని వచ్చాను.