సాంబారు బకెట్టు వెనక

తెరమీద ఉన్న మనిషిని లేకుండా చేయడం నా ఉద్యోగం. అందుకే ఎవరైనా ఫోన్ తీసి దయ్యం వీడియో చూపిస్తే నాకు నవ్వొస్తుంది. తెల్లచీర నీడలు, మెట్లమీద జారిపోయే ఆకారాలు మా పనివాళ్ళు భోజనానికి లేచేలోపు తయారు చేసి పడేస్తారు. అంచు ఎక్కడ సరిగ్గా కోయలేదో వేలుపెట్టి చూపించగలను. దయ్యాలున్నాయని ఇప్పటికీ నేను ఒప్పుకోను. రాస్తున్నది దయ్యం గురించీ కాదు. సాంబారు వడ్డించే ఒకాయన్ని ఒక వీడియోలోంచి తీసేశాను, ఆ తర్వాత జరిగింది చెబుతాను.

మాది మదనపల్లె. కొన్నేళ్ళు హైదరాబాదులో ఒక స్టూడియోలో చేశాను. ఇంటి నుంచే పని చేయొచ్చన్నాక ఊరికి వచ్చేసి, సరళక్క వాళ్ళ మేడమీద పోర్షన్ అద్దెకు తీసుకున్నాను. నేను చేసేది రోటో, పెయింట్. హీరోను గాల్లోకి లేపిన తాడు, అద్దంలో పడిన కెమెరామన్ నీడ, షూటింగులోకి తొంగిచూసిన ఊరివాళ్ళు, ఇలాంటివన్నీ నా దగ్గరికే వస్తాయి. రోటో అంటే మనిషి చుట్టూ అంచు గీయడం. వీడియో అంటే వరుసగా నడిచే బొమ్మలు కాబట్టి, ప్రతి బొమ్మలోనూ మళ్ళీ గీయాలి. పెయింట్ అంటే ఆ మనిషిని తీసేశాక మిగిలిన కంతను పూడ్చడం. మా అమ్మ దీన్ని కంప్యూటర్లో సున్నం కొట్టే పని అంటుంది. పెద్ద తప్పేమీ లేదు.

సరళక్కకు నాగరత్నమ్మ అని ఒక అక్క ఉంది. పుంగనూరు దగ్గర పల్లెలో ఉంటుంది. కొంచెం సేద్యం, రెండు ఆవులు, డెయిరీకి పాలు పోస్తారు. ఒకరోజు పొద్దున్నే జున్నుపాలతో చెల్లెలింటికి వచ్చి, నాకూ ఒక గ్లాసు ఇచ్చే వంకతో మేడెక్కింది. గ్లాసు పెట్టేసి వెళ్ళకుండా, కొంగులోంచి ఫోన్ తీసి ఒక వీడియో చూపించింది.

పెద్దపంజాణిలో బంధువుల గృహప్రవేశం అది. సరళక్క తన ఫోన్లో తీసింది. హాల్లో భోజనాల బంతి. ఆ వరుసలో పచ్చ ఓణీ వేసుకున్న ఒక అమ్మాయి తల వంచుకుని తింటోంది. ఆమె నాగరత్నమ్మ ఒక్కగానొక్క కూతురు లావణ్య. సాంబారు వడ్డించే మనిషి బకెట్టుతో వచ్చి సరిగ్గా ఆమెకు అడ్డంగా నిలబడతాడు. పక్కాయన ఇంకొంచెం పోయమన్నట్టున్నాడు, కాసేపు అక్కడే వంగి ఉంటాడు. ఆయన జరిగేసరికి లావణ్య తల వంచుకునే ఉంది, కానీ ఓణీ కొసతో కళ్ళు తుడుచుకుంటోంది. అక్కడితో అయిపోతుంది. ఎవరో పైన ఒక పాట అతికించడంతో మాటలేవీ వినబడవు.

ఆ వారంలోనే ఆ పిల్ల జ్వరంతో పోయింది.

గృహప్రవేశం పొద్దున జరిగింది నాగరత్నమ్మే చెప్పింది. కొత్తింట్లో పొంగించడానికి తమ ఆవు పాలు తెస్తామని ఆమె అందరికీ చెప్పుకుంది. పాలక్యాను కూతురి చేతికిచ్చింది. ఆ పిల్ల దాన్ని బస్సులోనే మరిచి దిగింది. ముహూర్తం దాటిపోతోందని ఎవరో పరుగెత్తి ప్యాకెట్ పాలు తెచ్చారు. నాగరత్నమ్మకు తల కొట్టేసినట్టయింది. బంధువులందరి ముందరా కూతుర్ని చెంపమీద కొట్టింది. భోజనాలయ్యాక పిల్ల పాలు పితికే వేళకని ఇంటికి వెళ్ళిపోయింది, తల్లి సాయానికి అక్కడే ఉండిపోయింది. తల్లి ఇల్లు చేరేసరికి పిల్లకు ఒళ్ళు తెలియని జ్వరం. మళ్ళీ ఇద్దరికీ మాటల్లేవు.

"నా బిడ్డ ఏడస్తానే అన్నం తినిందా? అది తెలియాల నాకు," అంది. "ఆ సాంబారాయప్పను తీసెయ్యమ్మా. నువ్వు మనుషుల్ని తీసేస్తావంట కదా, సరళ సెప్పింది. ఆయప్పను తీసేస్తే ఎనకుండే నా బిడ్డ కనిపిస్తాది."

ఈ పొరపాటు చాలామంది పడేదే. గోడమీది క్యాలెండర్ తీస్తే వెనక గోడ ఉంటుంది. వీడియోలో అలా ఉండదు. కెమెరా చూడనిది వీడియోలో ఎక్కడా లేదు. ఆయన్ని తీస్తే అక్కడ మిగిలేది కంతేనని, అందులో నేను గీసిందే కనబడుతుందని, అది లావణ్య కాదని చాలాసేపు చెప్పాను. ఆమె ఓపిగ్గా విని, అలాగే గీయమంది. ఆ మనిషి అడ్డం లేకుండా బిడ్డను ఒక్కసారి చూసుకుంటే చాలంది. జున్నుపాలు అందుకున్న చేత్తో కాదనలేకపోయాను.

ఆమె పుంగనూరు బస్సెక్కగానే సరళక్క పైకొచ్చింది.

"నవ్వినట్టు పెట్టెయ్యమ్మా. మా యక్క కంటినిండా నిద్రపోయి ఎన్నాళ్ళయిందో. నీ సొమ్మేం పోతాది?"

నాకు కోపమొచ్చింది. పోయిన పిల్ల ముఖానికి నా ఇష్టమొచ్చిన నవ్వు అతికించడం నావల్ల కాదని మొహంమీదే చెప్పాను. ముందూ వెనకా తల వంచుకుని ఉంది కాబట్టి మధ్యలో కూడా అలాగే ఉంచుతానన్నాను. నిజాయితీ ఒక్కటే కారణం అంటే అబద్ధమవుతుంది. అది తేలిక కూడా. మా పనిలో అవసరం లేనిది ఎవరూ గీయరు, అందులోనూ చేతి వేళ్ళు అస్సలు గీయరు. కదిలే వేళ్ళంత చాకిరీ ఇంకోటి లేదు.

నా ఉద్యోగం పని అయ్యాక మధ్యాహ్నాలు దీనికి కూర్చున్నాను. కిటికీ తెరిచి ఉంది, రోడ్డుమీద టమోటా లారీలు హారన్లు కొట్టుకుంటూ పోతున్నాయి. ముందు సాంబారాయన చుట్టూ అంచు గీసి ఆయన్నీ బకెట్టునూ తీసేశాను. గోడ, అరిటాకులు, పక్కన కూర్చున్నవాళ్ళు కష్టం కాలేదు. ఆయన రాకముందూ పోయాకా కనబడుతున్నారు కాబట్టి అక్కడి నుంచి తెచ్చి పూడ్చాను. తర్వాత లావణ్య దగ్గరికి వచ్చాను. ఒళ్ళు జలదరించలేదు, కరెంటు పోలేదు, చల్లగాలి వీచలేదు. టీ తాగుతూ, ఒక్కో బొమ్మా గీసుకుంటూ పోయాను. అంతా అయ్యాక మొదటి నుంచి నడిపించి చూశాను.

తల వంచుకుని తింటున్న లావణ్య తలెత్తింది. పక్కకు, ఎదురు బంతి వైపు చూసింది. ఎడమచేతి వెనకవైపు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు కదిలేలా నవ్వింది. నవ్వి నవ్వి తల వంచుకుని ఓణీ కొసతో కళ్ళు తుడుచుకుంది.

గీసింది నేనే, అందులో అనుమానం లేదు. ప్రతి గీతనూ విడదీసి చూసుకున్నాను. నా చెయ్యే, నేను వాడే కుంచే, నేను కలిపే రంగే. తలెత్తించాలని ఎప్పుడు అనుకున్నానో మాత్రం గుర్తు లేదు. ఆ పిల్లను నేను ఎన్నడూ చూడలేదు. గుర్తుకోసం నాగరత్నమ్మ ఇచ్చిన ఫోటోలో నోరు మూసుకుని ఎదురుగా చూస్తోంది. నేను గీసిన ముఖం పక్కకు తిరిగి ఉంది, పన్నుమీద పన్ను కనబడుతోంది. ఎడమచెయ్యి వీడియో మొత్తం ఒళ్ళోనే ఉంది, ఎక్కడా కనబడదు. నేను దానికి వేళ్ళన్నీ గీశాను. బొటనవేలి మీద తెల్లటి మచ్చ ఒకటి ఉంటే రంగు తప్పిందనుకుని చెరపబోయాను. చెరిపితే అక్కడ బొమ్మ అదురుతోంది, విసుగొచ్చి వదిలేశాను.

సరళక్క మాట నా బుర్రలో దూరి ఉంటుందని సర్దిచెప్పుకున్నాను. అడిగిందే చేతిలోంచి వచ్చేసింది, అంతే. నిజానికి అప్పుడే అంతా తీసేసి, తల వంచుకున్నట్టు మళ్ళీ గీయాల్సింది. ఫైలు తెరిచి కూర్చున్నాను కూడా. నవ్వుతున్న ఆ పిల్లను చూస్తే చేతులు రాలేదు. నాకు ఏడుపొచ్చింది.

నాగరత్నమ్మ వచ్చి చూసింది. ఇది నేను గీసింది, నిజం కాదు అని ముందే చెప్పాను. మళ్ళీ మళ్ళీ చూసింది. తర్వాత మెల్లగా నా వైపు తిరిగింది.

"సరళ సెప్పిందా, నవ్విచ్చమని?"

వెంటనే తనే అంది. "మంచిదమ్మా. నా కోసరం నవ్విచ్చినావు. నిజంగా యాల నవ్వుతాది? అందరి ముందరా కొట్టినాను కదా."

నా తల నిమిరి కిందికి దిగిపోయింది. కెమెరా చూడనిది ఎక్కడా ఉండదని ఆమెకు అంత వివరంగా చెప్పింది నేనే. ఆమె బాగా అర్థం చేసుకుంది. ఓదార్పు కోసం అబద్ధం గీసినదాన్నయ్యాను. అలా గీయలేదని చెబుదామంటే, మరెలా గీశానో నాకే తెలియదు.

నేను వద్దన్నా సరళక్క ఆ వీడియోను వాళ్ళ చుట్టాల వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. ఆ సాయంత్రమే కుప్పం నుంచి మంజునాథ్ ఫోన్ చేశాడు. నాగరత్నమ్మ మరిది కొడుకు, అక్కడే ఉద్యోగం. సరళక్క ఫోన్ తెచ్చి నా చేతికిచ్చింది.

"అక్కా, నా ఫోన్లో వీడియో మీకు యాడ దొరికింది?" అన్నాడు. నేను ఏ వీడియో అన్నాను. "అదే, లావణ్య నవ్వేది. ఆ దినం నేనూ తీసినాను. ఆ ఫోను డిస్‌ప్లే పోయి మా బీరువాలో పడుండాది. ఎవురికీ పంపలేదే నేను!"

ఇది సరళక్క తీసిన వీడియో అని, మధ్యలోది నేను గీశానని చెబితే నమ్మలేదు. పాత ఫోను బాగు చేయించి చూపిస్తానన్నాడు. చేయించాడు కూడా. వీడియో సరళక్కకు వచ్చింది, సరళక్క పరుగున మేడెక్కింది.

అతను హాలు చివర నిలబడి తీశాడు. అందుకని రెండు బంతులూ కనబడుతున్నాయి, సాంబారాయన ఎవరికీ అడ్డం లేడు. ఆయన వంగి వడ్డించేదాన్ని గుర్తుగా పెట్టుకుని, ఆ వీడియోనూ నాదాన్నీ పక్కపక్కన పెట్టి నడిపించాను. ఆయన వంగాక లావణ్య తలెత్తింది, రెండింట్లోనూ. అదే వైపు చూసింది. అదే ఎడమచెయ్యి, వెనకవైపు, నోటికి అడ్డం. కుడిచెయ్యి ఎంగిలి కదా, ఎడమచెయ్యే పెట్టుకోవాలి. ఆ సంగతి నాకు అప్పుడే తట్టింది. బొమ్మను పెద్దది చేస్తే బొటనవేలికి చుట్టిన తెల్ల పట్టీ కనబడింది.

కళ్ళు నావి. అంచులు కొలవడమే వాటి పని. తేడా కోసం వెతికాను. ఓణీ మడతల్లో, జుట్టులో తేడాలున్నాయి. చేతిలో లేవు, చూపులో లేవు, నవ్వులో లేవు.

నాగరత్నమ్మ మర్నాడు మొదటి బస్సుకే వచ్చింది. ఈసారి నేను ఏమీ చెప్పకుండా మంజునాథ్ వీడియోనే పెద్ద తెరమీద పెట్టాను. ఆమె కూతురు నవ్వడం చూసింది. ఆ పిల్ల చూస్తున్న వైపు వేలు చూపించి అడిగింది.

"ఆడ ఎవురమ్మా అది?"

ఎదురు బంతిలో బకెట్టు పట్టుకుని వడ్డిస్తున్నది ఆమే. మళ్ళీ మొదటి నుంచి పెట్టాను. నాగరత్నమ్మ పాయసం అనుకుని నీళ్ళ బకెట్టు తెచ్చింది. గరిటెతో ముంచి ఒక పెద్దాయన ఆకులో నిండుగా పోసింది. ఆయన పులిహోర నీళ్ళలో తేలింది, ఆయన చేతులు పైకెత్తాడు. నాగరత్నమ్మ బకెట్లోకి చూసుకుని, అరచేత్తో తన నుదురు తానే కొట్టుకుంది. పాలక్యాను మరిచిన పిల్ల అది చూసి నవ్వు ఆపుకోలేకపోయింది. అప్పుడు తెరమీది నాగరత్నమ్మ తలెత్తి కూతురి వైపు చూసింది. తిడుతున్నట్టు గరిటె ఆడించింది, తర్వాత ఆమె కూడా నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఇదేదీ ఆమెకు గుర్తు లేదు. అంత పెద్ద దుఃఖం వచ్చి మీద పడ్డాక నీళ్ళ బకెట్టు సంగతి ఎవరికి గుర్తుంటుంది? కొట్టిన చెయ్యి ఒక్కటే గుర్తుండిపోయింది.

ఆ తర్వాత కూడా నేను చాలామందిని చెరిపాను. ఆటోలను, కరెంటు స్తంభాలను, గుంపులకు గుంపులను తీసేశాను. పరీక్ష కోసం అదే సన్నివేశానికి ఇంకో వీడియో ఉన్నవాటిని ఎంచుకుని మరీ చేసి చూశాను. కంతలో ఎప్పుడూ నేను అనుకున్నదే వచ్చింది, నిజంతో ఒక్కసారీ కలవలేదు. పనిలో నాకంటే సీనియర్లకు చూపిస్తే, మంజునాథ్ వీడియో నువ్వు ముందే ఎక్కడో చూసి ఉంటావన్నారు. బీరువాలో చచ్చిపడున్న ఫోన్లో ఎలా చూస్తాను?

నాగరత్నమ్మకు ఆ గొడవే పట్టలేదు. ఎలా గీశావని నన్ను ఒక్కమాటా అడగలేదు. ఆ వేళ ఆమె తెరకు దగ్గరగా కుర్చీ జరుపుకుని, కూతుర్ని వదిలేసి, నోటికి కొంగు పెట్టుకున్న తననే చూసుకుంటూ ఉండిపోయింది. తర్వాత నా చెయ్యి పట్టుకుంది.

"నేనూ నవ్వినాను కదమ్మా? దాన్ని సూసి నవ్వినాను కదా?"

నవ్వావమ్మా, నేను చూశాను అన్నాను.