మొసలికి కాకి దగ్గరి చుట్టం

వ్యాను వెనక తలుపు తెరుచుకుంది. ముందు ఒక పెద్దాయన దిగాడు. ఆయన వెనక ఆయన భార్య, కొడుకులు, కోడళ్లు, చంకల్లో పిల్లలు, పుట్ట పగిలి చీమలు వచ్చినట్టు దిగుతూనే ఉన్నారు. మా అత్తమ్మ చేతిలోని గరిటె బగారా అన్నం గిన్నె మీద ఆగిపోయింది. నా గుండె కూడా దాదాపు అక్కడే ఆగింది. చదువుకున్న కోడలు ఇంటికి వెలుగంటారు. ఆ వెలుగు ఇంటికి నిప్పెలా పెట్టిందో ఇప్పుడు చెబుతాను. పిల్లలు పడుకున్నారు, అత్తమ్మ గురక వినబడుతోంది. ఇంతకన్నా మంచి సమయం దొరకదు.

దిగినాయన మా చిన్నమామ, కాలం చేసిన మా మామయ్యకు సొంత తమ్ముడు. ఇల్లు పంచుకున్నప్పుడు ఒక రాగి గంగాళం దగ్గర మా అత్తమ్మకూ ఆయనకూ మాటా మాటా పెరిగింది. ఆయన సిరిసిల్ల వదిలి కోరుట్లలో బట్టల దుకాణం పెట్టుకున్నాడు. అప్పటి నుంచి ఈ ఇంటి మీద కాకి ఆ ఇంటి మీద వాలలేదు.

ఇక నా సంగతి. నేను పుట్టు భయస్తురాలిని. బాబు ఒక్కసారి తుమ్మితే ఇంటిల్లిపాదికీ కషాయం కాస్తాను. కానీ జగిత్యాలలో బీఎస్సీ చదివాను కదా, చదువు దగ్గర మాత్రం ఎక్కడలేని ధైర్యం. మా జువాలజీ మేడమ్ చెప్పేది: "ఒకే పూర్వజీవి నుంచి పుట్టినవన్నీ కలిస్తేనే అది సరైన గుంపు. బల్లినీ పామునీ మొసలినీ ఒక గంపలో వేసి, పక్షుల్ని బయట పెట్టడం తప్పు. రెక్కలు మొలిస్తే పుట్టుక మారుతుందా? మొసలికి బల్లికన్నా కాకే దగ్గరి చుట్టం." ఆ మాట పరీక్షలో నాకు రెండు మార్కులు కూడా తేలేదు గాని, బుర్రలో మేకులా దిగింది.

మా బాబు పుట్టెంట్రుకలు వేములవాడలో తీయించి, ఇంటి దగ్గర విందు చేద్దామనుకున్నాం. అత్తమ్మ పిలుపులు ఖాయం చేసింది.

"చందుర్తోళ్లు, పెగడపల్లోళ్లు. అయిపాయె."

వాళ్లంతా మా ఆయన ముత్తాత నర్సయ్యకు పెద్దకొడుకు వైపు సంతానం, మేమూ చిన్నమామా చిన్నకొడుకు వైపు. మాకు మూడు తరాల దూరం. వాళ్లను పిలిచి సొంత మరిదిని వదిలేయడమంటే, మొసలి తన విందుకు బల్లిని పిలిచి కాకిని వదిలేసినట్టే. (మా అత్తమ్మ మొసలి అని నేననడం లేదు. మీరూ అనకండి, ఆమెకు చదవడం వచ్చు.)

అందుకని పుట్టింటి నుంచి వస్తూ కోరుట్లలో దిగి, చిన్నత్తమ్మకు బొట్టు పెట్టి పిలిచాను. మా వైపు బొట్టు పెట్టి పిలిస్తే రాకుండా ఉండరు.

"మీ అత్తకు ఎరుకేనా బిడ్డా?" అని అడిగింది ఆమె.

"అత్తమ్మే పంపింది" అన్నాను. సైన్సు కోసం ఒక్క అబద్ధం. చిన్నమామ రుమాలుతో కళ్లు ఒత్తుకున్నాడు. అత్తింట్లో అన్నీ ఉన్నా కోడలి నోట్లో శని అని నాకప్పుడు తోచలేదు. బస్సులో సిరిసిల్ల దాకా మురిసిపోతూనే వచ్చాను.

మళ్లీ వ్యాను దగ్గరికి వద్దాం.

"గాళ్లను ఎవలు విలిచిండ్రు?" అంది అత్తమ్మ.

"శాస్త్రం ప్రకారం అత్తమ్మా..."

"ఏ శాస్త్రం?"

"మొసలికి కాకి..."

"రాత్రి నిద్ర వోలేదా పిల్లా?"

చిన్నమామ గడప దగ్గర నిలబడి "వదినా" అన్నాడు. అత్తమ్మ బగారా గిన్నెతో మాట్లాడింది. "గాయన మాకేం గాడు. బువ్వ తిని పొమ్మను."

ఆయన ముఖం వాడిపోయింది. ఒకసారి నా వైపు చూసి, "ఎక్కుండ్రి, పోదాం" అన్నాడు పిల్లలతో. ఇప్పుడు వెళ్తే ఇక ఏడు జన్మలకూ ఆ గడప తొక్కడు. సరిగ్గా అప్పుడే పోలీసు జీపు వచ్చి వ్యానుకు అడ్డంగా ఆగింది.

అవి అడవిలో అన్నలు, రోడ్డు మీద పోలీసులు తిరిగే రోజులు. నలుగురు కూడితే మీటింగు. మరమగ్గాలను మేం సాంచలంటాం, అవి ఆగితే సమ్మె. మా విందుకని ఆ రోజు వాడంతా సాంచలు ఆపేశారు. పైగా పరాయి ఊరి వ్యాను.

"సాంచలు బందు వెట్టి ఏం మీటింగు?" అన్నాడు ఎస్సై.

"పుట్టెంట్రుకలు సార్" అన్నాడు మా ఆయన.

ఎస్సై చిన్నమామ వైపు తిరిగాడు. "నువ్వెవలు? వీళ్లకేమయితవ్?"

"గా ముచ్చట వాళ్లనే అడుగుండ్రి" అన్నాడు చిన్నమామ తల వంచుకొని.

ఇక నేను ఊరుకోగలనా?

"సార్, గీళ్లందరికి మూలం ఒక్కడే. చందుర్తి, పెగడపల్లి, కోరుట్ల, అందరు ఆయన నుంచే అచ్చిండ్రు."

ఎస్సై కళ్లు మెరిశాయి. "ఎవలు ఆ మూలం?"

"నర్సయ్య."

"ఏడున్నడు?"

"ఇప్పుడు లేడు సార్."

ఎస్సై కానిస్టేబులుతో అన్నాడు. "రాసుకో. నర్సయ్య పరారీ."

చిన్నమామను జీపెక్కమన్నారు. ఆ రోజుల్లో జీపెక్కిన మనిషి ఎప్పుడు దిగుతాడో ఎవరికీ తెలియదు. చిన్నత్తమ్మ ఏడుపు అందుకుంది.

అప్పుడు వచ్చింది మా అత్తమ్మ, ఒక చేతిలో గరిటె, చంకలో ఉడికించి ఒలిచిన గుడ్డులాంటి గుండుతో మా బాబు.

"ఆగుండ్రి. గాయన మా మరిది."

"మరి గిప్పటిదాక నోరెందుకు మెదపలే?"

"అలిగిన. మరిది మీద అలుగొద్దని సర్కారు జీవో తీసిందా?"

"సుట్టమని నమ్ముడెట్ల?"

అత్తమ్మ బాబును చిన్నమామ పక్కన నిలబెట్టి, ఆయన తల మీది రుమాలు లాగేసింది. ఒకటి గుండు, ఒకటి బట్టతల. రెండింటికీ చేటల్లాంటి చెవులు, కుడిది పైకి, ఎడమది ముందుకు.

"గివి నర్సయ్య చెవులు. ఆయన సచ్చి నలభై ఏండ్లాయె, చెవులు మాత్రం గీడనే ఉన్నయి."

చందుర్తి వాళ్లు, పెగడపల్లి వాళ్లు, మా ఆయన, అందరూ తెలియకుండానే చెవులు తడుముకున్నారు. ఎస్సై ఒక్కో చెవీ చూసుకుంటూ వెళ్లి, చివరికి నవ్వు ఆగక టోపీ తీశాడు. "నర్సయ్య పేరు కొట్టెయ్" అన్నాడు. కానిస్టేబులు కొట్టేసి, చెయ్యి కడుక్కొని, బంతిలో కూర్చున్నాడు.

జీపు పోయాక చిన్నమామ మెల్లగా అడిగాడు. "వదినా, నిజంగ నువ్వే పిలువుమన్నవా?"

అత్తమ్మ నన్నొక చూపు చూసింది. ఆ చూపుకు నేను అప్పటికప్పుడు అంతరించిన జాతుల్లో కలిసిపోయాను.

"నేను గాక ఇంకెవలు విలుస్తరు? కూసో, బువ్వ సల్లారుతున్నది" అంది, ఆయనకు వడ్డిస్తూనే ఇంకో చేత్తో నా నడుము గిల్లుతూ.

సకల సరీసృపాల సాక్షిగా, పక్షుల సాక్షిగా ఆ రోజే ఒట్టేసుకున్నాను. ఇక ఈ జన్మలో ఏ జీవినీ వర్గీకరించను.

ఒట్టు తెల్లారేదాకా నిలిచింది. పొద్దున్నే మా పాప, నిన్నటి మొసలీ కాకీ మాట పట్టుకొని, తమ్ముణ్ణి వెంటేసుకొని వచ్చింది.

"అమ్మా, చేపలు గూడ మనకు సుట్టాలేనా?"

అటూ ఇటూ చూసి, ఇద్దరినీ దగ్గరికి తీసుకొని మెల్లగా చెప్పాను.

"సుట్టాలే బిడ్డా. మనం, చేపలు, కప్పలు, అందరం ఒక్క ఇంటోళ్లమే. గని ఎవలను విందుకు పిలువాలన్నా, ముందుగాల నానమ్మను అడుగాలె."